అచ్చులో మిగిలిన పోగులు

భవానీపురం, విజయవాడ
జూలై 6

అత్తా,

క్షేమంగా చేరాను. పెడనలో నువ్వు రైల్లో పెట్టిన సంచీలో గోంగూర పచ్చడి సీసా మూత గుడివాడ దాటేసరికే ఊడింది. నా డ్రాయింగు షీట్లన్నీ నూనె మరకలు. మా ఉషశ్రీ మేడమ్ చూసి ఇదేం ప్రింటమ్మా అంటే, పెడన ప్రింటండీ అన్నాను. క్లాసంతా నవ్వారు. మరకలున్నా మార్కులు మాత్రం వేసింది.

ఫోను చేయకుండా ఉత్తరం రాస్తున్నానని మా రూమ్మేట్లు నన్ను వింతగా చూస్తున్నారు. మా మేనత్త నలభై ఏళ్లు మగ్గం పక్కన కూర్చుని చెవులు పోగొట్టుకుంది, ఫోనులో నేను హాస్టలంతా వినేటట్టు అరవాలి, ఆవిడ ‘ఆఁ, ఆఁ’ అనాలి, అంతకంటే ఇదే నయం అని చెప్పాను. పైగా నీ ఉత్తరాలు బాగుంటాయి. తిట్లు కూడా గుండ్రంగా రాస్తావు.

బట్టలు కుట్టడానికి కాలేజీ ఎందుకే అని అడిగావు కదా. ఇక్కడ కుట్టడం ఒక్కటే కాదత్తా. ప్యాటర్న్ మేకింగ్ అని, కాగితం మీద మనిషి కొలతలు గీసి కత్తిరించడం ఒకటి. డ్రేపింగ్ అని, తెల్లటి తాను గుడ్డని బొమ్మకి చుట్టి గుండుసూదులు గుచ్చుతూ డ్రెస్సు తేల్చడం ఒకటి. నా వేళ్లు చూస్తే కందిరీగలు కుట్టాయనుకుంటావు. బొమ్మలు గీసే క్లాసు నాకు ప్రాణం. ఖాళీ దొరికితే సిటీ బస్సులో వెనక సీటులో కూర్చుని ముందు కూర్చున్న ఆడవాళ్ల జాకెట్ల వీపులు గీస్తాను. ఇప్పటికి రెండు పుస్తకాలు నిండాయి. ఆదివారం గవర్నర్‌పేటలో గుండీల కొట్లు తిరుగుతాను. కొనను, చూస్తాను. కొట్టువాడు నన్ను చూడగానే డబ్బాలు లోపల పెడుతున్నాడు.

మీ ఇంట్లో పది రోజులు ఉండి తయారు చేసిన ఫైలు క్లాసులో ఫస్టు వచ్చింది. చేనేత గురించి రాయాలి, ఫోటోలు పెట్టాలి, పన్నెండు గుడ్డ ముక్కలు అతికించాలి. పదకొండు ముక్కలు అందరికీ ఉన్నట్టే ఉన్నాయి. పన్నెండోది చూసి మేడమ్ లేచి నిలబడింది. అదెక్కడిదో ఇప్పుడు చెప్పను, వచ్చినప్పుడు చెప్తాను, నువ్వు ఆశ్చర్యపోవాలి.

మామయ్యకి నా నమస్కారాలు చెప్పు. కుడిచేతికి నూనె రాస్తున్నావా? జీవరత్నం పిన్నిని అడిగానని చెప్పు. స్టేషను దాకా నా సంచులు మోసింది పాపం.

నీ కోడలు పిల్ల,
శ్రీదుర్గ


పెడన
జూలై 19

చిరంజీవి దుర్గకి,

ఫస్టు వచ్చావని రాశావు. సంతోషం. నా సంతోషం ఎంతసేపు ఉందో అదే రాస్తాను.

నువ్వు వెళ్లిన వారానికి సొసైటీ వాళ్లు కబురు పెట్టారు, పడుగు నూలు ఇస్తాం, మళ్లీ మగ్గం ఎక్కుతావా అని. మీ మామయ్య మంచం మీద నుంచి విన్నాడు. రెండేళ్లయింది కదా ఆయనకి పక్షవాతం వచ్చి, ఒక్క మాట లేదు, దేనికీ ఊఁ కొట్టడు. ఆ రోజు ఎడమచెయ్యి లేపి మగ్గం వైపు చూపించాడు. నేను కూర్చుని నేస్తానయ్యా, నువ్వు చూస్తూ ఉండు అన్నాను. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నాకు ఇంకేం కావాలి చెప్పు.

శుక్రవారం పొద్దున చౌడేశ్వరమ్మకి దణ్ణం పెట్టుకుని మగ్గం మీద దుప్పటి తీశాను. పోగులు దూర్చే అచ్చు ఖాళీ. ఒక్క పోగు లేదు.

నీకు మీ కాలేజీలో ఇది చెప్పారో లేదో. చీర కోసేశాక మేం అచ్చుని ఎప్పుడూ ఖాళీగా వదలం. నాలుగు వేళ్ల గుడ్డ, దాని వెనక మూరెడు పోగులు అలాగే వదిలేస్తాం. కొత్త పడుగు వచ్చినప్పుడు పాత పోగు చివర కొత్త పోగు చివర కలిపి మెలేస్తే, లాగినప్పుడు కొత్తది పాతదాని దారిలోనే వచ్చి కూర్చుంటుంది. శౌరయ్య వచ్చి ఒకటిన్నర రోజులో మూడు వేల పైచిలుకు పోగులు అతికేస్తాడు. పాతవి లేకపోతే ఒక్కో పోగు ఏ కన్నంలోంచి పోవాలో మొదట్నుంచి తెలియాలి. మామూలు అంచైతే ఎవరైనా చెప్తారు. ఇది మీ మామయ్య సొంతంగా కట్టుకున్న అంచు. దాని లెక్క కాగితం మీద పెట్టలేదు. ఆయన బుర్రలో ఉంది, ఆ పోగుల్లో ఉంది. బుర్రలోది బయటికి రాదు. పోగుల్ని ఎవరో లాగేశారు.

ఎలుకలు కావు. ఎలుక కొరికితే ముక్కలు పడతాయి. వెనక ముడులు విప్పి మరీ లాగారు. ఇంటి తాళం నా దగ్గర ఒకటి, నూలు కండెలు చుట్టడానికి వచ్చే జీవరత్నం దగ్గర ఒకటి. పోయిన ఏడాది దిండులో కూరడానికి పాత నూలు ఉంటే ఇమ్మని అడిగింది కూడా. నాకు ఒళ్లు తెలియలేదు. వీధిలోకి వచ్చి, పంపు దగ్గర ఉన్నదాన్ని పట్టుకుని అన్ని మాటలూ అన్నాను. నా గొంతు సంగతి నీకు తెలుసు. నాకు వినపడదు కాబట్టి ఎదుటివాళ్లకీ వినపడదనుకుంటాను. వీధి చివర టీకొట్టు వాళ్లు కూడా లేచి వచ్చారు. బిడ్డల మీద ఒట్టు వేసింది. ఒట్లు ఎవరు వేయరు? ఇరవై రెండేళ్లుగా నా ఇంట్లో తిరిగిన మనిషి. తాళంచెవి లాక్కుని ఇంక గడప తొక్కవద్దన్నాను.

మీ మామయ్య ఆ రోజంతా ఎడమచేత్తో మంచం పట్టె కొడుతూనే ఉన్నాడు. అన్నం ముట్టలేదు. ఆయన గుండె కోసినట్టయింది.

చదువు జాగ్రత్త.

మీ అత్త,
చౌడేశ్వరి


భవానీపురం
జూలై 24
(ఇది పోస్టు చేయలేదు)

అత్తా,

పోగులు తీసింది నేను. జీవరత్నం పిన్ని కాదు, నేను. నా ఫైల్లో పన్నెండో ముక్క అదే.

నాకు తెలియదు అత్తా. మా పుస్తకంలో మగ్గం బొమ్మ ఉంది, భాగాల పేర్లు రాస్తే పది మార్కులు. నాకు పదికి పది వచ్చాయి. చీర కోశాక అచ్చులో పోగులు ఎందుకు వదులుతారో ఆ పుస్తకంలో లేదు. వాడి పారేసినవి అనుకున్నాను. ఎవరికీ పనికిరానివి అనుకున్నాను.

నీ ఉత్తరం మెస్సులో చదివాను. ఇడ్లీ నోట్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాను. ఒట్లు ఎవరు వేయరు అన్నావు. నేను వేస్తాను అత్తా, నేను వేస్తాను నేనే తీశానని


భవానీపురం
జూలై 25

అత్తా,

నీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. మామయ్యకి అన్నం నువ్వే కలిపి పెట్టు, నువ్వు పెడితే తింటాడు.

ఒకవేళ తెలియక తీసి ఉంటారేమో. పనికిరాని నూలు అనుకుని ఉంటారేమో. దిండుకి అడిగింది అన్నావు కదా, అలాంటిదే ఏదైనా అయి ఉంటుంది. మరీ అంత కోపం పెట్టుకోకు.

మాకు ఇంటర్నల్స్ మొదలవుతున్నాయి. టెక్స్‌టైల్ సైన్సులో నూలు నంబర్ల లెక్కలు ఎక్కువ. ఇప్పుడు రావడానికి కుదరదు. మళ్లీ రాస్తాను.

శ్రీదుర్గ


పెడన
ఆగస్టు 11

చిరంజీవి దుర్గకి,

నీ ఉత్తరం పొట్టిగా ఉంది. పరీక్షలు అన్నావు, సరే.

శ్రావణ శుక్రవారానికి వస్తావనుకున్నాను. మీ నాన్న గుడివాడ కొట్టు కట్టేసి వచ్చి, సాయంత్రం దాకా ఉండి వెళ్లాడు. నీ చెల్లెలు వచ్చింది. నువ్వు ఎందుకు రాలేదు అని అడిగితే మీ అమ్మ, అదేమో ఫోను కూడా సరిగ్గా ఎత్తట్లేదు వదినా, సన్నబడింది అంది. తిను. సన్నబడితేనే ఫ్యాషనని ఎవరైనా చెప్తే నమ్మకు.

జీవరత్నం సంగతి. మా ఇంట్లో మానేశాక నాలుగు మగ్గాల ఇళ్లకి వెళ్లి అడిగిందట, కండెలు చుడతానని. ఎవ్వరూ రానివ్వలేదు. చౌడేశ్వరి ఇరవై రెండేళ్లు పెట్టుకుని తీసేసిందంటే ఏదో ఉండే ఉంటుంది అన్నారట. నూలు ఉండే ఇంట్లోకి ఆ పేరు పడ్డ మనిషిని రానివ్వరు, అది మా వీధి పద్ధతి. ఇప్పుడు రొయ్యల షెడ్డుకి వెళ్తోంది. తెల్లారేసరికి ఆటో వస్తుంది. ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలవాలి. మొన్న పంపు దగ్గర చూశాను, వేళ్లు తెల్లగా నాని పగిలి ఉన్నాయి. వాళ్ల అత్త తెరేసమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుంది.

సొసైటీ వాళ్ల పడుగు అలాగే మూట కట్టి ఉంది. పండక్కి ఇవ్వలేకపోతే వెనక్కి పంపెయ్యమన్నారు.

పోగులు ఎవరు తీశారన్నది ఇంక వదిలెయ్. నువ్వూ దాని గురించి రాయకు. జరిగిపోయింది.

మీ అత్త,
చౌడేశ్వరి


భవానీపురం
ఆగస్టు 29

అత్తా,

వదిలెయ్ అన్నావు. వదలడానికి నాకు చేతకావడం లేదు. ఆ పోగులు తీసింది నేనే.

మొన్న మా ఫైళ్లు ఎగ్జిబిషన్‌లో పెట్టడానికి ఎంపిక చేశారు. నాది మొదటి వరసలో. ప్రతి గుడ్డ ముక్క కింద ఒక చీటీ అంటించాలి. నేసిన వారి పేరు, ఊరు, ముక్క ఇచ్చినప్పుడు వారు చెప్పిన మాట. పదకొండు రాశాను. పన్నెండో దాని దగ్గర మామయ్య పేరు రాశాను, మల్లేశ్వరరావు. ఊరు రాశాను. ఆ మూడో గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. మేడమ్ వచ్చి, ఏమైందమ్మా, ఆయనేమన్నారో గుర్తు లేదా అంది. గుర్తు లేకపోవడం కాదు అత్తా. అన్నాడు. ఏమన్నాడో చెప్తాను విను.

ఆ ముక్క తీసిన రోజు నువ్వు రేషనుకి వెళ్లావు. జీవరత్నం పిన్ని రాలేదు. నాకు ఇంకొక్క ముక్క తక్కువైంది. దుప్పటి ఎత్తి చూశాను. నాలుగు వేళ్ల గుడ్డ, మామిడిపండు రంగు, పక్కన ఆ అంచు. రెండేళ్ల దుమ్ము కింద కూడా కొత్తగా ఉంది. గుడ్డ కత్తిరిస్తే ముక్క చిన్నదవుతుంది, పోగులతో సహా వస్తే కుచ్చులాగా వేలాడుతుంది, అందంగా ఉంటుంది అనిపించింది. వెనక ముడులు విప్పాను. ముందు నుంచి లాగితే ఒక్కో వరస సాఫీగా జారి వచ్చేసింది. అంత సాఫీగా వస్తుంటే ముచ్చటేసింది కూడా.

మామయ్య మంచం మీద మెలకువగా ఉన్నాడు. ఏదో శబ్దం చేశాడు. గొంతులోంచి, గట్టిగా. నేను వెళ్లి, నీళ్లు కావాలా మామయ్యా అన్నాను. గ్లాసుతో నీళ్లు తాగించాను. తాగాడు. సగం గడ్డం మీదుగా కారింది. తుడిచాను. మళ్లీ శబ్దం చేశాడు. ఇంకా కావాలా అని మళ్లీ తాగించాను. ఆయన నా మొహం వైపు చూడలేదు, నా చేతి వైపు చూశాడు. నా చేతిలో ఆ పోగులు ఉన్నాయి. నాకు అప్పుడు అర్థం కాలేదని చెప్పుకుంటున్నాను. రోజూ చెప్పుకుంటున్నాను. కానీ మిగతాది లాగేశాక దుప్పటి ముందు ఎలా ఉందో అలాగే, మడతతో సహా సర్దాను. తప్పు కాదనుకున్నదాన్ని దుప్పటి ఎందుకు అంత జాగ్రత్తగా సర్దాను?

నువ్వు జీవరత్నం పిన్నిని అన్నావని రాసిన రోజే నీకు చెప్పాల్సింది. ఒక ఉత్తరం రాశాను కూడా. పోస్టు చేయలేదు. దాని బదులు ఏం రాశానో నీ దగ్గర ఉంది, చదువు. దిండుకి అడిగింది కదా అని రాశాను. నా తప్పు ఆవిడ నెత్తిన ఇంకాస్త గట్టిగా పెట్టాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అంటారు, నేను తడుముకోవడం మాని పక్కవాళ్ల భుజాలు చూపించాను. ఆవిడ వేళ్లు పగిలాయని రాశావు. నేను ఆ రోజు డ్రేపింగ్ క్లాసులో గుండుసూది గుచ్చుకుందని ఐసు పెట్టించుకున్నాను అత్తా.

నన్ను తిట్టు. ఏదైనా రాయి. రాయకుండా మాత్రం ఉండకు.

శ్రీదుర్గ


పెడన
సెప్టెంబరు 5

దుర్గా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నిన్ను తిట్టడానికి పెన్ను తీశాను, తిట్టే హక్కు నాకు లేదు. ఎందుకో రాస్తాను. ఇది కూడా మంచి గుండ్రంగానే రాస్తున్నాను, చదువుకో.

నాకు తెలుసు. జీవరత్నాన్ని అన్న తర్వాత వచ్చిన ఆదివారం నుంచే తెలుసు.

మీ మామయ్య అన్నం ముట్టకుండా మంచం పట్టె కొడుతున్నాడని రాశాను కదా. మగ్గం పోయిందని ఏడుస్తున్నాడనుకున్నాను. ఆదివారం ఆయనకి గడ్డం చేస్తుంటే ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుని గోడ వైపు లాగాడు. మీ చెల్లెలి ఓణీల ఫంక్షన్‌లో అందరం కలిసి తీయించుకున్న ఫోటో ఉంది కదా, దాన్ని చూపించాడు. దగ్గరికి తెచ్చాను. వేలు తెచ్చి నీ మొహం మీద పెట్టాడు. తర్వాత మగ్గం వైపు చూపించాడు. మళ్లీ నీ మొహం మీద పెట్టాడు.

నువ్వు పంపిన మొదటి ఉత్తరం తీసి మళ్లీ చదివాను. పన్నెండో ముక్క, వచ్చినప్పుడు చెప్తాను అన్నావు. ఇంక అర్థం కాకపోవడానికి నేనేం చిన్నపిల్లనా.

ఆ సాయంత్రమే జీవరత్నం ఇంటికి వెళ్లాల్సింది నేను. మూడు గుమ్మాలు అవతల. వెళ్లలేదు. వీధి నడిబొడ్డున నిలబడి అన్నదాన్ని, ఇప్పుడు వెళ్లి, తీసింది నా తమ్ముడి కూతురు అని ఎలా చెప్పను? కాలేజీలో చదువుతోంది, బట్టల డిజైన్లు వేస్తుంది అని వీధిలో నీ గురించి గొప్పలు పోయింది నేనే. నిన్ను దొంగ అనడం కంటే జీవరత్నం దొంగగా ఉండిపోవడం నాకు సులువైంది. ఇంతకంటే నీచంగా రాయడానికి నాకు మాటలు రావు. అది పని దొరక్క తిరుగుతుంటే కిటికీలోంచి చూశాను. రొయ్యల షెడ్డు ఆటో ఎక్కుతుంటే చూశాను. నీకు ఉత్తరం రాసి, దాని చేతులు పగిలాయని కూడా రాశాను. నువ్వైనా చెప్తావేమో, నా నోటితో చెప్పే అవసరం తప్పుతుందేమో అని రాశాను. కిందే మళ్లీ భయపడి, దాని గురించి రాయకు అన్నాను. పిల్లదాని భుజం మీద తుపాకి పెట్టి కాల్చాలని చూశాను.

మీ మామయ్య మరుసటి రోజు కూడా ఫోటో చూపించాడు. ఆ మర్నాడూ చూపించాడు. ఫోటో గోడ మీంచి తీసి బీరువాలో పెట్టేశాను. అప్పట్నుంచి ఆయన మంచం పట్టె కొట్టడం మానేశాడు. నా వైపు చూడటం కూడా మానేశాడు. అన్నం పెడితే తింటాడు, కళ్లు గోడకే ఉంటాయి. అక్కడ మేకు ఒక్కటే ఉంది.

నువ్వు ఆరు వారాలు దాచావని ఏడుస్తున్నావు. నీకు ఇరవై ఏళ్లు. నాకు యాభై ఎనిమిది.

మీ నాన్నకి ఏమీ చెప్పలేదు. ఏం చేయాలో నాకు తోచడం లేదు.

చౌడేశ్వరి


భవానీపురం
సెప్టెంబరు 15

అత్తా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు కాలేజీకి వెళ్లలేదు. మూడో రోజు మేడమ్ దగ్గరికి వెళ్లి, ఆ ముక్క నాకు ఎవరూ ఇవ్వలేదండీ, నేనే తీశాను అని మొత్తం చెప్పాను. ఆవిడ ఫైల్లో ఆ పేజీ తీసి చూసింది. తర్వాత ఫైలు నా ముందుకు తోసి, తీసుకెళ్లి ఎవరిది వాళ్లకి ఇచ్చెయ్, ఆ పేజీ మాత్రం చింపకు, ఖాళీగా ఉంచి ఎందుకు ఖాళీయో కింద రాయి, దాన్నే ఎగ్జిబిషన్‌లో పెడతాను అంది. రాశాను. జిగురు మరకలు నాలుగు ఉన్నాయి పేజీ మీద, వాటి కింద నా పేరు.

ముక్క ఇవ్వడానికి ముందు ల్యాబులో భూతద్దం కింద పెట్టి అంచులో పోగులు లెక్కపెట్టాను. మా టెక్స్‌టైల్ సార్ లక్ష్మీకాంత్ గారు పక్కన కూర్చున్నారు. ఎన్ని పోగులు ఏ రంగు, ఏది పైకి లేస్తే ఏది కిందికి దిగుతుంది, గళ్ల కాగితం మీద గీశాం. నాలుగు రోజులు పట్టింది. రెండుచోట్ల నాకు అనుమానం ఉంది, అక్కడ ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టాను. మామయ్యకి చూపిస్తే అవును కాదు అని తల ఊపి చెప్పగలడేమో. కాగితం, గుడ్డ ముక్క రెండూ ఈ కవర్లోనే ఉన్నాయి. రిజిస్టరు చేస్తున్నాను.

శనివారం పెడన వచ్చాను. నీకు చెప్పలేదు. జీవరత్నం పిన్ని షెడ్డు నుంచి వచ్చే వేళకి వాళ్లింటికి వెళ్లాను. తెరేసమ్మ గారు అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. పిన్ని ఆటో దిగి వచ్చింది, కాళ్లు కడుక్కుంది, కూర్చోమంది. నేను నిలబడే చెప్పాను. పోగులు నేనే లాగానని, నువ్వు అవస్థ పడుతున్నావని తెలిసీ నోరు మూసుకున్నానని. చేతులు పట్టుకోబోతే వెనక్కి జరిగింది. చెయ్యి చల్లగా ఉంది, ముట్టుకోకమ్మా, వాసన కూడా, అంది.

నేను ఏడుస్తుంటే ఆవిడ ఏడవలేదు. ఇలా అంది, ఆవిడ మాటలే రాస్తున్నాను: ‘‘నువ్వు చిన్నపిల్లవి, తెలీక చేశావు, నా ఇంటికొచ్చి చెప్పావు, బానే ఉంది. నేను దొంగని కాదని నాకెప్పుడూ తెలుసమ్మా. మా అత్తకి తెలుసు, నా పిల్లలకి తెలుసు. తెలియంది వీధికి. మీ అత్త నన్ను వీధిలో అంది. చెప్పేదేదో అక్కడే చెప్పమను.’’

మీ అత్తకి కూడా తెలుసు కదా అని అడిగింది. నేను చెప్పలేదు అత్తా. ఎలా తెలుసు పిన్నీ అన్నాను. ‘‘పంపు దగ్గర ఇదివరకు నా మొహంలోకి చూసేది. ఇప్పుడు నా చేతులకేసి చూస్తోంది’’ అంది.

మన ఇంటికి రాలేదు. మామయ్య ఉంటాడని రాలేదు. నన్ను క్షమించు.

శ్రీదుర్గ


పెడన
సెప్టెంబరు 22

దుర్గా,

కవరు అందింది. నీ గళ్ల కాగితం ఆయన ఒళ్లో పెట్టాను. మొదట చూడలేదు. గుడ్డ ముక్క చేతిలో పెడితే చాలాసేపు బొటనవేలుతో అంచు తడిమాడు. తర్వాత కాగితం చూశాడు. నువ్వు ఎర్ర పెన్సిలు పెట్టిన ఒకచోట సరే అని తల ఊపాడు. రెండోచోట కాదన్నాడు. ఏది కాదో శౌరయ్య ఒక్కో రంగూ చూపించి అడుగుతూ కూర్చున్నాడు, మధ్యాహ్నానికి తేలింది. అతుక్కి పాత పోగులు లేవు కాబట్టి మూడు వేలూ ఒక్కొక్కటే ఎక్కించాలి. నెల పడుతుందన్నాడు. సొసైటీ వాళ్లు పండగ తర్వాత ఇచ్చినా తీసుకుంటామన్నారు.

జీవరత్నం మాట చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. నిన్న ఆదివారం, షెడ్డుకి సెలవు. ఏడింటికి నీళ్లు వస్తాయి, అప్పుడైతే వీధంతా పంపు దగ్గరే ఉంటుంది. బిందె లేకుండా వెళ్లాను. చౌడేశ్వరి ఒట్టి చేతులతో వచ్చిందేమిటి అని అందరూ చూశారు. జీవరత్నం వరసలో నాలుగోది.

ఎన్నో అనుకుని వెళ్లాను. చెప్పాను. చెప్పాననే అనుకున్నాను. నా చెవులకి ఎలాగూ వినపడదు, పెదాలు ఆడాయి, అయిపోయిందనుకున్నాను. ఎవ్వరూ కదల్లేదు. తెరేసమ్మ నా ఎదురుగా వచ్చి, నాకు తెలిసేటట్టు నోరు పెద్దగా తెరిచి, ‘‘వినపడలా. ఆ రోజు టీకొట్టు దాకా వినిపించావుగా. మళ్లీ చెప్పు’’ అంది.

మళ్లీ చెప్పాను. జీవరత్నం నా ఇంట్లో పోగు ముట్టలేదు, తీసింది నా మేనకోడలు శ్రీదుర్గ, అది తెలిసీ రెండు నెలలు నోరు మూసుకున్నది నేను అని. ఈసారి పొట్ట పట్టుకుని అరిచాను. టీకొట్టు వాళ్లు లేచి వచ్చారు. వీధి చివర నుంచి ఎవరో ఏమైంది ఏమైంది అంటూ వస్తే, వాళ్ల కోసం మూడోసారి చెప్పాను. మూడోసారికి సిగ్గు పోయింది, ఏడుపు వచ్చింది.

జీవరత్నం వంతు వచ్చింది. బిందె పంపు కింద పెట్టింది. నిండేదాకా నిలబడింది. ఎత్తుకుని వెళ్లిపోయింది. ఇవాళ పొద్దున ఆటో వచ్చింది, ఎక్కి షెడ్డుకి వెళ్లింది. సాయంత్రం ఒక మగ్గం ఇంటి వాళ్లు వచ్చి కండెలకి పిలిచారట, ఆలోచిస్తానందట. నా ఇంటికి రమ్మని నేను అడగలేదు. అడగడానికి నాకు మొహం లేదు.

నీ పేరు వీధిలో చెప్పానని కోపం తెచ్చుకుంటావేమో. తెచ్చుకో.

ఇంకొక మాట. జీవరత్నం ఇంటికి వచ్చిన శనివారం నువ్వు మన వీధిలోంచి తల వంచుకుని నడుచుకుంటూ వెళ్లావు. నేను చూడలేదు, వంటింట్లో ఉన్నాను. ఆయన చూశాడు. కిటికీ పక్కనే మంచం. నువ్వు వస్తున్నావని పట్టె కొట్టాడు, రెండు నెలల తర్వాత కొట్టాడు. నేల అదరడం తెలిసి నేను పరుగున వచ్చేసరికి గుమ్మం వైపు చూస్తున్నాడు. ఎవరొస్తున్నారో నాకు తెలియక, ఎవరూ లేరులే అన్నాను. నీ ఉత్తరం వచ్చాక తెలిసింది. నువ్వు తిరిగి వెళ్లేటప్పుడు కూడా చూసే ఉంటాడు.

నాకు చెప్పావు, మేడమ్‌కి చెప్పావు, జీవరత్నానికి చెప్పావు. ఆయనకి చెప్పలేదు. ఆయనకి మాటే పోయింది దుర్గా, చెవులు కాదు. ఈ ఇంట్లో సరిగ్గా వినపడేది ఆయన ఒక్కడికే.

ఆదివారం రా.

మీ అత్త,
చౌడేశ్వరి